పులుపును కాపాడుకునే తోటలు

ద్రాక్ష కాయ పండు కావడమంటే రెండు పనులు ఒకేసారి జరగడం. తీపి చేరుతుంది, పులుపు తరుగుతుంది. రెండింటికీ ఎండే కారణమైనా రెండింటి నడకా ఒకటి కాదు. ఎండ దండిగా కాసే చోట తీపి ముందే వచ్చి చేరుతుంది, పులుపు చెయ్యి జారిపోతుంది. చలి ప్రాంతంలో పులుపు పట్టు వదలదు, గుత్తి తీపి నింపుకునేలోగానే శరదృతువు వానలు మొదలవుతాయి.

ఉత్తర అక్షాంశం 49.5, 51.5 డిగ్రీల మధ్య ఉన్న బెల్జియం ఈ రెండో కోవలోది. వైన్ ద్రాక్ష సాగుకు 50 డిగ్రీలే ఉత్తరపు ఎల్ల అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. ఆ గీత బెల్జియం దక్షిణపు కొసను కోసుకుంటూ పోతుంది, దేశంలో చాలా భాగం దానికి పైనే ఉంది. అయినా 2018లో అక్కడ దాదాపు 20 లక్షల లీటర్ల వైన్ తయారైంది. 2023 నాటికి అది 34 లక్షల లీటర్ల దాకా పెరిగింది. అందులో పెద్ద వాటా బుడగల వైన్‌ది, అంటే స్పార్క్లింగ్ వైన్‌ది. బుడగలు లేని మామూలు వైన్‌నూ, బుడగల వైన్‌నూ ఒకే తోట నుంచి తీసేవాళ్లు అక్కడ చాలామంది.

భూమి వేడెక్కింది కాబట్టి ద్రాక్ష ఉత్తరానికి నడిచిందని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఈ తోటల బలం కొత్తగా దక్కిన వేడిలో కొంత ఉంటే, ఇంకా పోగొట్టుకోని చల్లదనంలో అంతకన్నా ఎక్కువ ఉంది. అది ఎలాగో తెలియాలంటే ముందు పులుపు సంగతి చూడాలి.

చింతపండులో ఉన్న ఆమ్లమే

ద్రాక్ష పులుపుకు ముఖ్యంగా రెండు ఆమ్లాలు కారణం. మొదటిది టార్టారిక్ ఆమ్లం. మన చారుకూ పులిహోరకూ పులుపునిచ్చే చింతపండులో ఉన్నదీ ఇదే. ఈ ఆమ్లాన్ని ఇంతగా పోగుచేసుకునే పండ్లు ప్రకృతిలో చాలా తక్కువ. రెండోది మాలిక్ ఆమ్లం. పచ్చి ఆపిల్ కొరికితే పళ్లు పులిసేది దీనివల్లే.

కాయ పచ్చిగా ఎదిగే రోజుల్లో రెండూ పోగుపడతాయి. కాయ రంగు తిరగడం మొదలయ్యాక టార్టారిక్ పెద్దగా కదలదు. మాలిక్‌ను మాత్రం కాయలోని కణాలు శ్వాసక్రియకు ఇంధనంగా వాడుకుంటాయి. వేడి పెరిగినకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. రాత్రి కూడా వెచ్చగా ఉంటే తెల్లవార్లూ ఖర్చే. రాత్రి చల్లబడితే ఆ ఖర్చు బాగా తగ్గిపోతుంది. బెల్జియంలో సెప్టెంబరు రాత్రులు తరచూ 10 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అందుకే కోతనాటికి అక్కడి పండులో మాలిక్ మిగిలే ఉంటుంది.

ఆమ్లం రుచి కోసమే అనుకుంటే పొరపాటు. పిహెచ్ 3 చుట్టుపక్కల ఉన్న రసంలో వైన్‌ను చెడగొట్టే బాక్టీరియా బతకడం కష్టం. నిలవ కోసం కలిపే సల్ఫర్ డయాక్సైడ్ తక్కువ మోతాదులోనే బాగా పనిచేస్తుంది. ఎర్ర వైన్ రంగు కూడా నిలుస్తుంది. పులుపు మరీ ఎక్కువైన చోట తయారీదారుకు సాయపడే బాక్టీరియా ఒకటుంది, పేరు ఈనోకాకస్ ఈని. ఇది మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మార్చేస్తుంది. నాలుకను కోసే పులుపు మెత్తబడుతుంది. దాన్ని ఎంతవరకు పనిచేయనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది తయారీదారు చేతిలో ఉంటుంది.

మన ద్రాక్షతో పోలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పేరుపడ్డ అనాబ్-ఎ-షాహీ తోటల్లో తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. వేసవి కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. బెల్జియంలో ఆ క్రమాన్ని చలే నిర్ణయిస్తుంది. శరదృతువు చివర ఆకు రాలి, తీగ ఏప్రిల్ దాకా నిద్రపోతుంది. జూన్‌లో పూత వస్తుంది. పూత తర్వాత సుమారు 100 రోజులకు కోత. ఏడాదికి ఒక్కటే పంట, ఒక్కటే అవకాశం.

వేడిని కూడబెట్టే విద్య

ద్రాక్షతీగ 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ వేడిలో దాదాపు ఎదగదు. అందుకే శాస్త్రవేత్తలు రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 తీసేసి, మిగిలినదాన్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజురోజుకూ కూడతారు. ఒకరోజు సగటు 16 డిగ్రీలైతే ఆరోజు జమ 6. ఈ మొత్తాన్నిబట్టి ఏ రకం ఎక్కడ పండుతుందో అంచనా కడతారు. పెరుగుదల కాలపు సగటు 13 నుంచి 15 డిగ్రీల మధ్య ఉన్న ప్రాంతాలను చల్లని వైన్ ప్రాంతాలంటారు. అక్కడ జమ కొద్దిగా ఉంటుంది కాబట్టి ప్రతి డిగ్రీనీ వెతికి పట్టుకోవాలి.

మొదటి ఆసరా పగటి నిడివి. జూన్ నెలాఖరున హైదరాబాద్‌లో పగలు 13 గంటలు దాటితే, బ్రసెల్స్‌లో పదహారున్నర గంటలు. రెండో ఆసరా వాలు. సెప్టెంబరు నెలాఖరు మధ్యాహ్నం అక్కడ సూర్యుడు ఆకాశంలో 40 డిగ్రీల ఎత్తు కూడా అందుకోడు. చదును నేలమీద ఆ కిరణాలు ఏటవాలుగా పడి పలచబడిపోతాయి. నేల దక్షిణానికి 15 డిగ్రీలు వాలి ఉంటే, అదే సూర్యుడి నుంచి చదరపు మీటరుకు నాలుగో వంతుకు పైగా ఎక్కువ వెలుగు దక్కుతుంది. తోట ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు బెల్జియంలో మొదట జవాబిచ్చేది ఈ లెక్కే. ఆ తర్వాత వరుసల దిశ, గుత్తుల చుట్టూ ఆకులు దూయడం వంటివి.

ఈ విద్య అక్కడ కొత్తదేమీ కాదు. మధ్యయుగాల్లో మ్యూజ్ నది ఒడ్డున యూయ్, లియేజ్ పట్టణాల దగ్గరా, ల్యూవెన్ చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి. చలి ముదరడం, యుద్ధాలు, దక్షిణం నుంచి వచ్చే ఫ్రెంచి వైన్ పోటీ కలిసి వాటిని దాదాపు తుడిచేశాయి. 1865లో బ్రసెల్స్‌కు ఆగ్నేయంగా ఉన్న హూలార్ట్‌లో ఫెలిక్స్ సోహీ గాజు ఇంట్లో ద్రాక్ష పెంచడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత హూలార్ట్, ఓవరైస ఊళ్లలో బొగ్గు వేడితో నడిచే గాజు ఇళ్లు వేల సంఖ్యలో వెలిశాయి. అవి తినే ద్రాక్ష కోసం. బయట ఎండ చాలని దేశం ఎండను గాజు కింద దాచుకున్న కాలమది.

ఆరుబయట సాగు మళ్లీ నిలదొక్కుకున్నది గత 50 ఏళ్లలో. ఫ్లాండర్స్‌లోని హాగెలాండ్‌కు 1997లో దేశంలోనే తొలి వైన్ ప్రాంతంగా చట్టబద్ధమైన గుర్తింపు దక్కింది. 2000లో హాస్పెంగౌ, 2004లో వల్లోనియాలోని సాంబ్ర్-మ్యూజ్ నదుల వాలు, 2005లో హ్యూవెల్‌లాండ్ వరుస కట్టాయి. మ్యూజ్ లోయలో బెల్జియం, నెదర్లాండ్స్ రెండింటిలోనూ పరుచుకున్న ఒక ప్రాంతానికి 2017లో ఉమ్మడి గుర్తింపు వచ్చింది. ఇంతలో వాతావరణమూ మారింది. బ్రసెల్స్‌లో మొదలై ఇప్పుడు దాని శివార్లలోని ఉక్కెల్‌లో సాగుతున్న ఉష్ణోగ్రతల నమోదు 1833 నాటిది. 19వ శతాబ్దంతో పోలిస్తే అక్కడ ఏడాది సగటు 2 డిగ్రీలకు పైగా పెరిగి, ఇప్పుడు 11 డిగ్రీల దగ్గర ఉంది. జమ చాలని చోట ఈ రెండు డిగ్రీలు చిన్న విషయం కాదు.

సముద్రం వదిలిన సుద్ద

చిన్న దేశమైనా నేలలు ఒకటి కావు. హాగెలాండ్ గుట్టల్లో ఇనుము కలిసిన ఎర్రటి ఇసుకరాయి. హాస్పెంగౌలో మంచుయుగపు గాలులు మోసుకొచ్చి పరిచిన మెత్తని ఒండ్రులాంటి మన్ను. మాస్‌ఐక్ దగ్గర మ్యూజ్ నది తెచ్చి పోసిన గులకరాళ్లు. అవి పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి, నీటిని త్వరగా కిందికి జారనిస్తాయి.

ఎనో రాష్ట్రంలో మోన్స్, బాంష్ పట్టణాల వైపు సుద్దనేలలు ఉన్నాయి. క్రెటేషియస్ యుగంలో వెచ్చని సముద్రం కింద సూక్ష్మజీవుల పెంకులు పేరుకుని ఏర్పడిన పొరలివి. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు పేరుపడ్డ సుద్దా ఆ యుగానిదే. సుద్దలో అతిసూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వాన పడితే వేళ్ల దగ్గర నీరు నిలవకుండా లోపలికి పీల్చుకుంటుంది, ఎండ కాస్తే ఆ తడిని మెల్లగా పైకి అందిస్తుంది. వానలు ఎప్పుడు పడతాయో చెప్పలేని దేశంలో తీగకు ఇంతకన్నా నమ్మకమైన నేల దొరకదు. ఓల్‌షాన్ గ్రామంలో 2002లో నాటిన రుఫుస్ తోట ఈ నేలను చూసే పుట్టింది. షాంపేన్‌లో పెంచే షార్డొనే, పినో న్వార్, పినో మ్యూనియే రకాలనే అక్కడా నాటారు, బుడగల వైన్‌కే అంకితం చేశారు.

ఒక తోట, రెండు కోతలు

లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే వైన్‌లో 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. 12 శాతం ఆల్కహాల్‌తో మామూలు తెల్ల వైన్ కావాలంటే లీటరుకు 200 గ్రాముల దాకా చక్కెర ఉండాలి. వెచ్చని ఏడాదిలో బెల్జియం షార్డొనే ఆ మెట్టు ఎక్కుతుంది. చల్లని ఏడాదిలో ఎక్కలేదు. యూరోపియన్ యూనియన్ చట్టం బెల్జియాన్ని అన్నిటికన్నా చల్లని ‘ఎ’ మండలంలో చేర్చి, ఈ లోటు పూడ్చుకోవడానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. పులియబెట్టే ముందు రసంలో చక్కెర కలిపి ఆల్కహాల్‌ను మామూలుగా 3 శాతం దాకా పెంచుకోవచ్చు.

బుడగల వైన్‌కు లెక్క వేరు. దానికి మొదట 10 శాతం ఆల్కహాల్ ఉన్న పలుచని, పుల్లని వైన్ చాలు. రెండో పులియడంలో మరో ఒకటింబావు శాతం చేరుతుంది కాబట్టి, మొదటే తీపి ఎక్కువైతే చివరికి ఆల్కహాల్ మోతాదు మించిపోతుంది. కాబట్టి బుడగల వైన్‌కు ద్రాక్ష కొన్నాళ్లు ముందే కోస్తారు. ఇక్కడ చలిదేశపు లోటే పెట్టుబడి అవుతుంది. పులుపు ఎక్కువ, తీపి తక్కువ అని మామూలు వైన్ వద్దన్న పండునే బుడగల వైన్ కోరి అడుగుతుంది.

రెండు రకాలూ తీసే తోటకు ఇదొక బీమా. లింబర్గ్‌లో రీమ్‌స్ట్ దగ్గర కోటను ఆనుకుని ఉన్న గెనూల్స్-ఎల్డెరెన్ తోటకు షార్డొనేతో చేసే మామూలు వైన్‌కు పేరుంది, బుడగల వైన్ కూడా అక్కడ తయారవుతుంది. ఏ గుత్తి ఏ దారి పట్టాలో తయారీదారు సెప్టెంబరులో రోజూ తోటలో తిరుగుతూ, రసం రుచి చూస్తూ, చక్కెరనూ ఆమ్లాన్నీ కొలుస్తూ నిర్ణయించుకోవచ్చు. వాతావరణాన్ని మార్చలేని మనిషి తన కోత తేదీని మార్చుకుంటాడు.

సీసాలో రెండోసారి పులియడం

ద్రాక్షను గుత్తులుగానే నెమ్మదిగా నొక్కి రసం తీస్తారు. తొక్క నలిగితే రంగూ వగరూ దిగుతాయి. తొట్టెలో మొదటిసారి పులిసి వైన్ అయ్యాక దాన్ని సీసాల్లో నింపి, లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి బిగిస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బయటికి దారిలేక అది వైన్‌లోనే కరిగిపోతుంది. 4 గ్రాముల చక్కెర దాదాపు 1 వాతావరణ పీడనానికి సమానం కాబట్టి 24 గ్రాములకు 6. కారు టైరులో ఉండే గాలి పీడనానికి ఇది రెండింతలకు మించినది. ఈ సీసాలు అంత మందంగా, బరువుగా ఉండేది అందుకే.

చక్కెర అయిపోయాక ఈస్ట్ కణాలు చనిపోయి సీసా అడుగున మడ్డిగా చేరతాయి. అసలు రుచి తయారయ్యేది అప్పుడే. చచ్చిన కణాల్లోని ఎంజైములు వాటి గోడలనే కరిగిస్తాయి. ప్రోటీన్ ముక్కలు, అమైనో ఆమ్లాలు వైన్‌లోకి దిగుతాయి. కాల్చిన రొట్టె వాసన, నోట్లో మెత్తదనం వాటి పుణ్యమే. యూరోపియన్ నియమాల ప్రకారం సంప్రదాయ పద్ధతి అనిపించుకోవాలంటే వైన్ కనీసం 9 నెలలు ఇలా మడ్డి మీద ఉండాలి. 2008లో గుర్తింపు పొందిన క్రెమాన్ ద వల్లోనీ ఈ పద్ధతిలో చేసేదే. మంచి తయారీదారులు అంతకన్నా చాలాకాలం ఆగుతారు. ఆ నిరీక్షణను తట్టుకునే శక్తి వైన్‌కు దాని ఆమ్లమే ఇస్తుంది. పులుపు లేని వైన్ అంతకాలంలో డీలా పడిపోతుంది.

ఆ తర్వాత సీసాను కొద్దికొద్దిగా తిప్పుతూ తలకిందులు చేసి మడ్డిని మూతి దగ్గరికి చేరుస్తారు. మూతిని గడ్డకట్టించి మూత తీస్తే, లోపలి పీడనమే ఆ మడ్డి గడ్డను బయటికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోట కొంచెం వైన్, తగినంత చక్కెర పోసి బిరడా బిగిస్తారు. లీటరుకు 12 గ్రాములకన్నా తక్కువ చక్కెర ఉంటే దాన్ని బ్రూట్ అంటారు.

ఏప్రిల్ రాత్రుల గండం

శీతాకాలంలో నిద్రపోయే మొగ్గ మైనస్ 15 డిగ్రీల చలిని కూడా ఓర్చుకుంటుంది. అదే మొగ్గ విచ్చుకుని చిగురు వేశాక మైనస్ 2 డిగ్రీలకే మాడిపోతుంది. బెల్జియం రైతుకు నడి చలికాలంతో పెద్ద పేచీ లేదు. ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉండే ఏప్రిల్ రాత్రులే అతని భయం. మే 11 నుంచి 13 దాకా వచ్చే ముగ్గురు పునీతుల రోజులను అక్కడి జనం ‘మంచు పునీతులు’ అంటారు. అవి దాటాక గానీ తోటకు గండం గడిచిందనుకోరు.

అలాంటి రాత్రి బరువైన చల్లగాలి నేలకు దగ్గరగా పేరుకుంటుంది, కొన్ని మీటర్ల పైన గాలి వెచ్చగా ఉంటుంది. కొందరు పెద్ద ఫ్యాన్లతో ఆ వెచ్చని గాలిని కిందికి దించుతారు. కొందరు వరుసల మధ్య పెద్ద మైనపు దీపాలు వెలిగిస్తారు. మరో పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది: తీగల మీద నీళ్లు చల్లడం. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడి వదులుతుంది. చల్లడం ఆపకుండా సాగితే మంచు తొడుగులోని మొగ్గ సున్నా దగ్గరే ఉండి బతుకుతుంది.

వేడెక్కుతున్న కాలంలో ఈ గండం తగ్గాలి కదా? 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ తోటలను దెబ్బతీసిన చలిని పరిశీలించిన శాస్త్రవేత్తలు ఇందుకు భిన్నమైన ముగింపుకు వచ్చారు. అలాంటి చలి రాత్రులు అరుదవుతున్న మాట నిజమే. కానీ వెచ్చని మార్చి వల్ల తీగ ముందే చిగురిస్తోంది, దాంతో చివరి చలికి చిక్కే ముప్పు పెరిగింది. షార్డొనే తొందరగా చిగురించే రకం కాబట్టి దానికి ఇంకా కష్టం. 2024లో బెల్జియం ఈ పాఠాన్ని గట్టిగా నేర్చుకుంది. వసంతపు చలి కాటు, ఆపై ఎడతెగని వానలు, వాటి వెంట తెగుళ్లు. దేశంలో వైన్ ఉత్పత్తి ముందటి ఏటి రికార్డులో సగానికన్నా చాలా కిందికి పడిపోయింది.

తెగులుకు లొంగని తీగలు

బూజు తెగులు యూరప్‌కు అమెరికా నుంచి 1870ల్లో వచ్చింది. దాన్ని అడ్డుకోవడానికి ఫ్రాన్స్‌లో పుట్టినదే మన పండ్లతోటల రైతులకు బాగా తెలిసిన బోర్డో మిశ్రమం, మైలుతుత్తం, సున్నం కలిపిన మందు. ఆ తెగులుతో కలిసి పెరిగిన అమెరికా అడవి ద్రాక్షలకూ, కొన్ని ఆసియా అడవి ద్రాక్షలకూ సహజమైన నిరోధకత ఉంది. తెగులు ఆకులో అడుగుపెట్టగానే చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చిపోయి దాని దారి మూసేస్తాయి. యూరప్ ద్రాక్ష రుచినీ అడవి ద్రాక్ష ఓర్పునూ తరాల తరబడి సంకరం చేసి కొత్త రకాలు పుట్టించారు. జర్మనీలో 1967లో రెజెంట్, 1968లో యొహానిటర్, 1975లో సొలారిస్ అలా వచ్చినవే. సొలారిస్‌లోని ఒక ముఖ్యమైన నిరోధక జన్యువు ఆసియాలోని అమూర్ ప్రాంతపు అడవి ద్రాక్షది. పైగా అది త్వరగా పండుతుంది, తీపి బాగా నింపుకుంటుంది. చలిదేశానికి ఈ రెండు గుణాలూ వరాలు.

నామూర్ దగ్గర 2003లో ఫిలిప్ గ్రఫే మొదలుపెట్టిన దొమేన్ ద్యు షెన్వా ఈ రకాలనే నమ్ముకుంది. మామూలు వైన్, బుడగల వైన్ రెండూ వాటితోనే చేస్తుంది. పేరున్న పాత రకాలను పక్కన పెట్టి ఎవరూ వినని పేర్లతో సీసాలు అమ్మడం ఆనాటికి సాహసమే. మందుల పిచికారీ బాగా తగ్గడం ఆ సాహసానికి దక్కిన ఫలితం. అయితే ఒకే జన్యువు మీద ఆధారపడిన నిరోధకతను తెగులు కాలక్రమంలో దాటగలదని యూరప్ తోటల్లో ఇప్పటికే తేలింది. అందుకే ఇప్పటి పరిశోధకులు ఒక్కో రకంలో రెండు మూడు నిరోధక జన్యువులను పేరుస్తున్నారు. షాంపేన్ కూడా 2022లో వొల్తీ అనే సంకర రకాన్ని ప్రయోగాత్మకంగా అనుమతించింది.

నిలబడేది సమతూకమే

2019 జూలై 25న హాగెలాండ్ పరిసరాల్లోని బేగైనన్‌డైక్‌లో 41.8 డిగ్రీల వేడి నమోదైంది, అది దేశపు రికార్డు. అలాంటి రోజున ఎండ తగిలే వైపు కాయలు కాలి ముడుచుకుపోతాయి. గాజు ఇళ్లలో వేడిని కొనుక్కున్న దేశం గుత్తులకు ఆకుల నీడ మిగిల్చుకోవడం గురించి ఆలోచించే రోజు వచ్చింది. వేడి ఇంకా పెరిగితే తీపికి కొదవ ఉండదు. కానీ పులుపు పోతే బుడగల వైన్‌కు పునాదే పోతుంది. షాంపేన్‌ను ఇప్పుడు కలవరపెడుతున్నదీ ఇదే. వేడెక్కడాన్ని బెల్జియానికి కలిసొచ్చిన అదృష్టంగా చెప్పేవాళ్లు ఈ రెండో వైపు చూడాలి.

నాటిన తీగ 30 ఏళ్లు, ఇంకా ఎక్కువ కాపు కాస్తుంది. అంటే ఈరోజు రకాన్ని ఎంచుకునే రైతు 2050ల నాటి ఏప్రిల్ రాత్రులకూ, ఆనాటి జూలై ఎండలకూ కలిపి ఎంచుకుంటున్నాడు. ఆ ఎంపికకు హామీ ఇవ్వగల శాస్త్రం లేదు. అయితే దారి చూపగల అనుభవం ఈ తోటల్లో ఉంది. ఒకే రకాన్ని నమ్ముకోకపోవడం, వాలునూ నేలనూ చూసి నాటడం, ఏటి తీరునుబట్టి కోత తేదీనీ వైన్ తీరునూ మార్చుకోవడం, తెగులును మందుతో కన్నా ముందు తీగ వంశంతో ఎదుర్కోవడం. ద్రాక్షకు పనికిరాదని ఒకప్పుడు పక్కన పెట్టిన నేలలో నేర్చిన ఈ విద్య, రేపు వాతావరణం తారుమారయ్యే ప్రతి తోటకూ అవసరమవుతుంది.